అరకు వ్యాన్‌లో ఒకే సీటు ఇద్దరికి: యూనిక్ కన్‌స్ట్రెయింటా, యూనిక్ ఇండెక్సా?

ముందు మీ ప్రశ్నను నేను ఎలా అర్థం చేసుకున్నానో చెబుతాను. రుషికొండలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నారు. విశాఖ నుంచి అరకు వ్యాన్లు నడిపే ట్రావెల్స్ వాళ్లకి బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, కోడ్ జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్). చలికాలం రద్దీలో ఒకే సీటు ఇద్దరికి బుక్ అయిపోయింది. టీమ్ లీడ్ యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదని టేబుల్‌కి పెట్టే నియమం) పెట్టమన్నారు. ఇంకో సీనియర్ యూనిక్ ఇండెక్స్ (డూప్లికేట్‌ని ఒప్పుకోని వెతుకులాట పట్టిక) చాలు, రెండూ ఒకటేనన్నారు. మీరు టెస్ట్ డేటాబేస్‌లో రెండూ వేసి చూస్తే రెండుసార్లూ ఇండెక్సే కనిపించింది. మరి తేడా ఎక్కడుంది, మీరు ఏది వేయాలి?

సీటు విషయంలో సీనియర్ మాట వినండి, పీఎన్ఆర్ (టికెట్‌కి ఇచ్చే బుకింగ్ నంబరు) విషయంలో లీడ్ మాట వినండి. మీ బుకింగ్ టేబుల్‌లో క్యాన్సిల్ చేసిన టికెట్లు కూడా అలాగే ఉంటాయని రాశారు. అందుకే సీటుకి మామూలు కన్‌స్ట్రెయింట్ కుదరదు, షరతుతో కూడిన యూనిక్ ఇండెక్స్ కావాలి. పీఎన్ఆర్‌కి అలాంటి షరతు ఏమీ లేదు, అది ఎప్పటికీ ఒక్కటే ఉండాలి. కాబట్టి అక్కడ కన్‌స్ట్రెయింటే సరైనది. ఇలా ఎందుకు అంటున్నానో ఇక వివరంగా చెబుతాను.

పోస్ట్‌గ్రెస్‌లో మీరు యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టగానే అది దానంతట అదే ఒక యూనిక్ బీ-ట్రీ (విలువల్ని వరసలో ఉంచే మామూలు రకం) ఇండెక్స్ తయారు చేసుకుంటుంది. డూప్లికేట్‌ని పట్టుకునేది ఆ ఇండెక్సే. వేగంలో తేడా లేదు, డిస్క్ మీద పట్టే చోటులోనూ తేడా లేదు. మీరు చూసిన ఇండెక్స్ అదే. అయితే టేబుల్ వివరాలు చూపించే ఆ కమాండ్ ఫలితాన్ని ఇంకోసారి నిదానంగా చదవండి. ఒక లైన్లో ‘యూనిక్ కన్‌స్ట్రెయింట్, బీట్రీ’ అని, ఇంకో లైన్లో ఒట్టి ‘యూనిక్, బీట్రీ’ అని ఉంటుంది. మొదటిదానికి సిస్టమ్ కేటలాగ్‌లో (డేటాబేస్ తన గురించి తాను ఉంచుకునే పట్టికల్లో) రెండు చోట్ల నమోదు ఉంటుంది: ఇండెక్స్‌ల జాబితాలో ఒకటి, కన్‌స్ట్రెయింట్ల జాబితాలో ఒకటి. రెండోదానికి ఇండెక్స్‌ల జాబితాలో మాత్రమే ఉంటుంది. మిగతా తేడాలన్నీ ఆ అదనపు నమోదు వల్ల వచ్చేవే.

ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో కన్‌స్ట్రెయింట్ అనే మాట ఉంది, ఇండెక్స్ అనే మాటే లేదు. డేటా ఎలా ఉండాలో చెప్పడం ప్రమాణం పని. దాన్ని ఏ యంత్రాంగంతో అమలు చేస్తారన్నది ఒక్కో డేటాబేస్ తయారీదారు ఇష్టం. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ (డేటాని పట్టికలుగా చూసే పద్ధతి) వ్యాసం రాసినప్పుడే ఇండెక్స్ ఉందా లేదా అన్నదాని మీద ప్రోగ్రామ్‌లు ఆధారపడకూడదని గట్టిగా చెప్పాడు. కానీ షరతుతో కూడిన నియమాన్ని యూనిక్ కన్‌స్ట్రెయింట్‌గా రాయడానికి ప్రమాణం దారి ఇవ్వలేదు. అందుకే మన రోజువారీ పనిలో నియమాన్ని కూడా ఇండెక్స్‌తోనే రాయాల్సి వస్తోంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అసలు మీ సమస్య ఎలా పుట్టిందో చూద్దాం. మీ కోడ్ ముందు ‘ఈ ట్రిప్‌లో 7వ సీటు ఖాళీగా ఉందా’ అని సెలెక్ట్‌తో అడుగుతోంది, ఖాళీ అని తెలిస్తే ఇన్సర్ట్ చేస్తోంది. గాజువాకలో ఒకరు, సీతమ్మధారలో ఒకరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరి సెలెక్ట్‌కీ ఖాళీ అనే జవాబు వస్తుంది. ఇద్దరి ఇన్సర్టూ పాస్ అవుతుంది. జాంగో ఫారమ్‌లో చేసే యూనిక్ తనిఖీ కూడా సరిగ్గా ఇలాంటి సెలెక్టే, అది కస్టమర్‌కి మంచి మెసేజ్ చూపించడానికి తప్ప రక్షణకి పనికిరాదు. యూనిక్ ఇండెక్స్ ఉంటే రెండో ఇన్సర్ట్ ఇండెక్స్‌లో అదే విలువ ముందే ఉందని చూస్తుంది. మొదటి ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరిగే పనులు) ఇంకా కమిట్ కాకపోతే, అంటే ఖాయం కాకపోతే, అది తేలేదాకా ఆగుతుంది. మొదటిది కమిట్ అయితే రెండోదానికి ఎర్రర్, రోల్‌బ్యాక్ (రద్దు) అయితే రెండోదానికి సీటు.

ఆ ‘ఆగుతుంది’ అన్న మాట దగ్గర కొంచెం జాగ్రత్త. పేమెంట్ గేట్‌వేకి వెళ్లి రావడం కూడా ఆ ట్రాన్సాక్షన్ లోపలే పెట్టారనుకోండి, మొదటి కస్టమర్ ఓటీపీ కోసం ఫోన్ వెతుక్కుంటున్నంత సేపూ రెండో కస్టమర్ స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. ముందు ‘హోల్డ్’ స్టేటస్‌తో ఇన్సర్ట్ చేసి కమిట్ చేసేయండి. ఆ తర్వాత పేమెంట్‌కి పంపండి. డబ్బు వచ్చాక స్టేటస్ మార్చండి.

ఇక సీటు నియమం. ట్రిప్ ఐడీ, సీటు నంబరు రెండూ కలిపి యూనిక్ అని కన్‌స్ట్రెయింట్ పెడితే ఏమవుతుంది? ఒకాయన 7వ సీటు క్యాన్సిల్ చేసుకుంటాడు. ఆ రికార్డు రీఫండ్ లెక్కల కోసం టేబుల్‌లోనే ఉంటుంది. ఆ సీటు ఇక ఎవరికీ అమ్మలేరు. క్యాన్సిల్ కాగానే డిలీట్ చేసేయమని కొందరు సలహా ఇస్తారు, వాళ్ల మాట వినకండి, ట్రావెల్స్ ఓనర్ నెలాఖరున లెక్క అడిగినప్పుడు సమాధానం చెప్పేది మీరే. స్టేటస్‌ని కూడా కలిపి మూడు కాలమ్‌ల మీద యూనిక్ పెట్టమని ఇంకొందరు అంటారు. అదీ నిలవదు: ఒకే సీటు రెండోసారి క్యాన్సిల్ అయిన రోజున ‘క్యాన్సిల్’ స్టేటస్‌తో రెండు రికార్డులు రావాలి, అక్కడే ఎర్రర్ వస్తుంది. పైగా ఒకరు హోల్డ్‌లో, ఇంకొకరు కన్ఫర్మ్‌లో ఉంటే ఒకే సీటు ఇద్దరికి ఇచ్చేస్తుంది. మీ అసలు జబ్బే మళ్లీ వచ్చినట్టు.

కావలసింది ఇది: క్రియేట్ యూనిక్ ఇండెక్స్, ట్రిప్ ఐడీ, సీటు నంబరు మీద, చివర వేర్ పెట్టి ‘స్టేటస్ క్యాన్సిల్ కానివి’ అన్న షరతు. దీన్నే పార్షియల్ ఇండెక్స్ అంటారు. క్యాన్సిల్ అయిన రికార్డులు ఇండెక్స్‌లోనే ఉండవు కాబట్టి అవి ఎన్ని ఉన్నా ఫర్వాలేదు, ఇండెక్స్ కూడా చిన్నగా ఉంటుంది. అప్‌డేట్‌కి కూడా ఇదే కాపలా: క్యాన్సిల్ చేసిన కస్టమర్ మళ్లీ ఫోన్ చేసి ‘వస్తామండీ’ అన్నాడని కౌంటర్‌లో కుర్రాడు స్టేటస్ వెనక్కి మారిస్తే, ఆ రికార్డు షరతు లోపలికి వస్తుంది. ఈలోగా సీటు వేరేవాళ్లకి అమ్మేసి ఉంటే అప్పుడే ఎర్రర్ పడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వేర్ అనే భాగం ఇండెక్స్‌కి మాత్రమే ఉంటుంది, యూనిక్ కన్‌స్ట్రెయింట్‌కి ఉండదు. మీ లీడ్ మాట ఇక్కడ చెల్లకపోవడానికి కారణం ఇంతే.

ఇక్కడ చాలామంది ఇంకో ఆశ పడతారు. హోల్డ్ పెట్టి 10 నిమిషాలు దాటితే సీటు వదిలేయాలి కదా, దాన్ని కూడా ఆ వేర్‌లోనే ‘ఇప్పటి సమయం’తో పోల్చి రాసేద్దాం అని. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఇండెక్స్ షరతులో ఎప్పుడు అడిగినా ఒకే జవాబిచ్చే ఫంక్షన్లే ఉండాలి. గడియారం నిమిషం నిమిషానికీ మారుతుంది, అది మారినప్పుడల్లా ఇండెక్స్‌ని ఎవరూ సరిచేయరు. కాబట్టి గడువు దాటిన హోల్డ్‌లని ‘ఎక్స్‌పైర్డ్’ అని మార్చే పని మీరే చేయాలి. ఆ స్టేటస్‌ని కూడా షరతులో మినహాయించండి. కొత్త బుకింగ్ వచ్చినప్పుడు, ఇన్సర్ట్‌కి ముందు అదే ట్రాన్సాక్షన్‌లో ఆ సీటు పాత హోల్డ్‌ని ఎక్స్‌పైర్ చేసే ఒక అప్‌డేట్ వేయండి. నిమిషానికోసారి నడిచే జాబ్ మీద మాత్రమే ఆధారపడితే ఆ జాబ్ ఆగిపోయిన రోజున వ్యాన్ సగం ఖాళీగా ఘాట్ ఎక్కుతుంది.

జాంగోలో దీన్ని రాసేటప్పుడు తమాషా ఒకటుంది. మోడల్‌లో మీరు రాసేది ‘యూనిక్ కన్‌స్ట్రెయింట్’ అనే క్లాసే, దానికి కండిషన్ ఇస్తారు. కానీ పోస్ట్‌గ్రెస్‌కి వెళ్లేది పార్షియల్ యూనిక్ ఇండెక్స్ కమాండ్. కన్‌స్ట్రెయింట్ల జాబితాలో దాని జాడే ఉండదు. పేరు చూసి మోసపోకండి. పోస్ట్‌గ్రెస్ కూడా తక్కువేమీ తినలేదు: ఒట్టి యూనిక్ ఇండెక్స్ అడ్డుకున్నప్పుడు కూడా ఎర్రర్‌లో ‘యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉల్లంఘన’ అనే రాస్తుంది, పక్కన ఇండెక్స్ పేరు ఇస్తుంది. ఎర్రర్ కోడ్ కూడా రెండింటికీ 23505 ఒక్కటే. ఆ పేరుని పట్టుకుని మీరు ఇన్సర్ట్‌లో ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ ఆన్ కన్‌స్ట్రెయింట్’ (డూప్లికేట్ వస్తే ఏం చేయాలో చెప్పే భాగం) అని రాస్తే మాత్రం అలాంటి కన్‌స్ట్రెయింట్ లేదంటుంది. తనే పెట్టిన పేరు తనకే తెలియదన్నట్టు! పార్షియల్ ఇండెక్స్‌తో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ వాడాలంటే కాలమ్ పేర్లు ఇచ్చి, ఇండెక్స్‌లో రాసిన వేర్ షరతునే అక్కడ కూడా రాయాలి. అప్పుడు అది ఇండెక్స్‌ని గుర్తుపడుతుంది.

ఇప్పుడు కన్‌స్ట్రెయింట్ వైపు వద్దాం. పీఎన్ఆర్‌కి కూడా ఇండెక్సే వేస్తే పోలేదా అని మీరు అడగొచ్చు. నేను కన్‌స్ట్రెయింట్ వైపు మొగ్గడానికి మొదటి కారణం మనుషులు. ఒక చోట కళ్లారా చూశాను. అక్కడ డిస్క్ నిండుతోందని వాడకంలో లేని ఇండెక్స్‌ల జాబితా తీశారు. పోస్ట్‌గ్రెస్ ప్రతి ఇండెక్స్‌నీ క్వెరీలు ఎన్నిసార్లు స్కాన్ చేశాయో లెక్క ఉంచుతుంది. కానీ ఇన్సర్ట్ సమయంలో డూప్లికేట్ ఉందా అని చూసే తనిఖీ ఆ లెక్కలోకి రాదు. రోజూ వందల డూప్లికేట్లని ఆపుతున్న ఇండెక్స్‌కి కూడా స్కాన్ల సంఖ్య సున్నా అని చూపించవచ్చు. సున్నా ఉన్నవన్నీ డ్రాప్ చేశారు, అందులో ఒక యూనిక్ ఇండెక్స్ కూడా పోయింది. ఎర్రర్ రాలేదు, ఎవరికీ తెలియలేదు. డూప్లికేట్లు చేరుతూ పోయాయి. అదే కన్‌స్ట్రెయింట్ కింద ఉన్న ఇండెక్స్ అయితే డ్రాప్ ఇండెక్స్ కమాండే ‘ఈ కన్‌స్ట్రెయింట్‌కి ఇది అవసరం, తీయను’ అని ఆపేసేది. తీయాలంటే కన్‌స్ట్రెయింట్‌నే డ్రాప్ చేయాలి, అలా టైప్ చేసేటప్పుడు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఇప్పుడు మీ సీటు ఇండెక్స్‌కి ఈ రక్షణ లేదు కదా. అందుకని దాని పేరులోనే అది నియమం అని తెలిసేలా పెట్టండి, కామెంట్ ఆన్ ఇండెక్స్ కమాండ్‌తో ‘ఒక సీటు ఒక్కరికే, తీయవద్దు’ అని తెలుగులోనైనా సరే రాసి ఉంచండి.

రెండో కారణం, కనిపించడం. డేటాబేస్ బొమ్మ గీసే టూల్స్, డాక్యుమెంటేషన్ తీసే టూల్స్ చాలావరకు ఇన్‌ఫర్మేషన్ స్కీమాలో (డేటాబేస్ వివరాలు చూపే ప్రామాణిక చోటు) కన్‌స్ట్రెయింట్ల వ్యూని చదువుతాయి. ఒట్టి యూనిక్ ఇండెక్స్ అందులో రాదు. కొత్తగా చేరినవాళ్లకి ఆ నియమం ఉన్నట్టే తెలియదు.

మూడోది ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్‌లోని విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలన్న నియమం. మీ పేమెంట్స్ టేబుల్ పీఎన్ఆర్‌ని చూపిస్తూ ఫారిన్ కీ పెట్టుకోవాలంటే అవతల పీఎన్ఆర్ యూనిక్ అయి ఉండాలి. పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది: షరతు లేని, ఎక్స్‌ప్రెషన్ (కాలమ్ విలువ నుంచి లెక్కించే రూపం) లేని యూనిక్ ఇండెక్స్ ఉన్నా ఒప్పుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా అంతే. ఒరాకిల్ ఒప్పుకోదు. అక్కడ యూనిక్ ఇండెక్స్ ఎంత చక్కగా ఉన్నా కన్‌స్ట్రెయింట్ ప్రకటించకపోతే ఓఆర్‌ఏ-02270 అని మొహం మీద కొడుతుంది. రేపు మీ క్లయింట్ ఒరాకిల్ అంటే ఇండెక్స్‌లతో నడిచిన స్కీమా అక్కడ ఆగిపోతుంది. పార్షియల్ ఇండెక్స్‌కి మాత్రం పోస్ట్‌గ్రెస్‌లో కూడా ఫారిన్ కీ కట్టలేరు.

నాలుగోది మీకు ఇంకా ఎదురుకాలేదు కానీ తప్పకుండా ఎదురవుతుంది. పికప్ పాయింట్ల టేబుల్ ఉందని రాశారు: మద్దిలపాలెం 1, ఆర్టీసీ కాంప్లెక్స్ 2, ఎన్‌ఏడీ జంక్షన్ 3, గోపాలపట్నం 4, పెందుర్తి 5. ఒక రూటులో ఒక వరస నంబరు ఒక్కసారే రావాలి, కాబట్టి రూటు, వరస నంబరు మీద యూనిక్. ఇప్పుడు ఓనర్ వచ్చి కాంప్లెక్స్‌కీ ఎన్‌ఏడీకీ మధ్య ఇంకో స్టాప్ పెట్టమంటాడు. 3 నుంచి ఉన్నవాటన్నిటికీ ఒకటి కలుపుతూ ఒక్క అప్‌డేట్ రాస్తారు. చివరికి వచ్చే ఫలితంలో డూప్లికేట్ ఏదీ లేదు, అయినా ఎర్రర్ రావచ్చు. ఎందుకంటే మామూలు యూనిక్ తనిఖీ ఒక్కో రికార్డు మారగానే జరిగిపోతుంది. ఎన్‌ఏడీ 4 అవ్వగానే గోపాలపట్నం ఇంకా 4లోనే ఉంటే దొరికిపోయినట్టే. టేబుల్‌లో రికార్డులు ఏ క్రమంలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఒక రోజు పాస్ అవుతుంది, ఇంకో రోజు ఫెయిల్ అవుతుంది. టెస్ట్‌లో పాసై లైవ్‌లో పడే ఎర్రర్ అంటే ఇలాంటిదే, టెన్షన్ అంతా రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి.

దీనికి మందు డిఫరబుల్ కన్‌స్ట్రెయింట్. పోస్ట్‌గ్రెస్‌లో 9.0 వెర్షన్ నుంచి ఉంది. డిఫరబుల్ అని ప్రకటిస్తే తనిఖీ స్టేట్‌మెంట్ చివర జరుగుతుంది, ఇనీషియల్లీ డిఫర్డ్ అని కూడా చెబితే కమిట్ దాకా వాయిదా పడుతుంది. రెండు స్టాప్‌లని రెండు వేర్వేరు అప్‌డేట్‌లతో తారుమారు చేయాలంటే ఈ రెండోది కావాలి. ఈ సౌకర్యం కన్‌స్ట్రెయింట్‌కే ఉంది, క్రియేట్ యూనిక్ ఇండెక్స్‌తో రాదు. అలాగని ప్రతి కన్‌స్ట్రెయింట్‌కీ డిఫరబుల్ తగిలించేయకండి. అలాంటిదాన్ని ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌లో వాడలేరు, ఫారిన్ కీ దాన్ని ఆధారంగా తీసుకోదు, ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) కూడా ఆ కాలమ్ యూనిక్ అన్న ధీమాతో అనవసర జాయిన్లు తీసేసే పని మానేస్తుంది. వరస నంబర్ల లాంటి చోట మాత్రమే పెట్టండి.

వ్యాన్ల టేబుల్ గురించి కూడా అడిగారు. ఒకే బండి రెండుసార్లు ఎక్కింది, ఒకసారి ‘ఏపీ 31’ తర్వాత ఖాళీ వదిలి, ఇంకోసారి కలిపి, అదీ చిన్న అక్షరాల్లో. (2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చినా మన రోడ్ల మీద 31 బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కదా.) డేటాబేస్‌కి ఆ రెండూ వేర్వేరు విలువలు, యూనిక్ వాటిని ఆపదు. ఖాళీలు తీసేసి పెద్ద అక్షరాలు చేసిన రూపం మీద యూనిక్ పెట్టాలి. ఎక్స్‌ప్రెషన్ మీద యూనిక్ ఇండెక్స్‌తో నేరుగా చేయొచ్చు, కన్‌స్ట్రెయింట్ అయితే కాలమ్‌లనే తప్ప ఎక్స్‌ప్రెషన్‌ని తీసుకోదు. నాకు నచ్చే దారి మూడోది: పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ఉన్న జనరేటెడ్ కాలమ్‌లో (వేరే కాలమ్ నుంచి డేటాబేసే లెక్కించి నింపేది) ఆ శుభ్రం చేసిన రూపాన్ని నిలవచేసి, ఆ కాలమ్ మీద మామూలు యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. కొంచెం చోటు ఎక్కువ పడుతుంది. బదులుగా పైన చెప్పిన కన్‌స్ట్రెయింట్ లాభాలన్నీ దక్కుతాయి, కౌంటర్‌లో వెతకడానికీ ఆ కాలమ్ పనికొస్తుంది.

తెలుగులో పేర్లు నిలవచేసేవాళ్లకి ఇక్కడే ఇంకో చిక్కు. ‘వైజాగ్’ అని రాయడానికి యూనికోడ్‌లో రెండు దారులున్నాయి. ఐత్వానికి ఒకే కోడ్ ఉంది, లేదా ఎత్వం గుర్తు పక్కన ఐత్వపు కింది గుర్తు విడిగా చేర్చినా కంటికి అదే అక్షరం కనిపిస్తుంది. మన కీబోర్డులు మొదటిదే ఇస్తాయి కానీ, వేరే చోటి నుంచి మార్చి తెచ్చిన ఫైళ్లలో రెండోది దూరే అవకాశం ఉంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాటిని రెండు వేర్వేరు మాటలుగానే చూస్తుంది. 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్‌లో పెడితే రెండూ ఒకటే అవుతాయి. కనిపించని జాయినర్ గుర్తుల్ని మాత్రం ఆ ఫంక్షన్ తీయదు, ‘విజయ్’ తర్వాత అలాంటిది ఉన్న పేరు, లేని పేరు వేర్వేరుగానే మిగులుతాయి. వాటిని మీరే తీసేయాలి.

ఇక నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) సంగతి. ట్రావెల్ ఏజెంట్లలో కొందరికి జీఎస్టీ నంబరు ఉంటుంది, కొందరికి ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో యూనిక్ కాలమ్‌లో నల్ ఎన్నిసార్లైనా రావచ్చు, ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు కాబట్టి. మీకు ఇదే కావాలి. కానీ జాంగో ఫారమ్ ఖాళీగా వదిలేస్తే నల్ బదులు ఖాళీ స్ట్రింగ్ పంపవచ్చు, అది విలువే. జీఎస్టీ లేని రెండో ఏజెంట్ దగ్గర డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది. ఆ ఫీల్డ్‌కి నల్ అనుమతించి, ఖాళీ స్ట్రింగ్‌ని నల్‌గా మార్చి నిలవచేయండి. నల్‌లని కూడా సమానంగా చూడాలనుకునే అరుదైన చోట 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లో ‘నల్స్ నాట్ డిస్టింక్ట్’ ఉంది, కన్‌స్ట్రెయింట్‌కీ ఇండెక్స్‌కీ రెండింటికీ.

మిగతా డేటాబేస్‌ల గురించి అడగలేదు కానీ మీ కంపెనీ రేపు ఏది ఇస్తుందో తెలియదు కనుక కొంత చెబుతాను. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనిక్ కాలమ్‌లో నల్ ఒక్కసారే పడుతుంది. జీఎస్టీ లాంటి కాలమ్‌కి అక్కడ ‘నల్ కానివి మాత్రమే’ అన్న ఫిల్టర్డ్ యూనిక్ ఇండెక్స్ వేసుకోవాలి, 2008 వెర్షన్ నుంచి ఉంది. ఇంకా ముఖ్యం, ఎర్రర్ నంబర్లు వేరు: కన్‌స్ట్రెయింట్ అడ్డుకుంటే 2627, ఒట్టి యూనిక్ ఇండెక్స్ అడ్డుకుంటే 2601. కోడ్‌లో 2627ని మాత్రమే పట్టుకునేవాళ్లు ఎందరో. కన్‌స్ట్రెయింట్‌ని ఇండెక్స్‌గా మార్చిన రోజున వాళ్ల కస్టమర్లకి ‘ఈ సీటు పోయింది’ అన్న మెసేజ్ బదులు ఏదో పెద్ద ఎర్రర్ పేజీ వస్తుంది. రెండూ పట్టుకోండి.

మైఎస్‌క్యూఎల్‌లో అయితే మీ సీనియర్ మాట అక్షరాలా నిజం, రెండూ ఒకటే. ఏ పేరుతో రాసినా తయారయ్యేది ఒకే యూనిక్ కీ. డ్రాప్ ఇండెక్స్ అంటే నియమమూ పోతుంది. డిఫరబుల్ లేదు, పార్షియల్ ఇండెక్స్ కూడా లేదు. సీటు నియమం కావాలంటే క్యాన్సిల్ అయినప్పుడు నల్, లేకపోతే సీటు నంబరు వచ్చే జనరేటెడ్ కాలమ్ పెట్టి, ట్రిప్ ఐడీతో కలిపి యూనిక్ చేస్తారు. నల్ ఎన్నైనా రావచ్చు కనుక అది పనిచేస్తుంది. అదే ఉపాయాన్ని ఒరాకిల్‌లో అలాగే దించితే పడిపోతారు. ఒరాకిల్ రెండు కాలమ్‌లలో ఒకటి నల్, ఇంకోటి విలువ ఉన్నప్పుడు ఆ జంటని కూడా పోల్చి చూస్తుంది. ఒకే ట్రిప్‌లో రెండో క్యాన్సిలేషన్‌కే ఓఆర్‌ఏ-00001 వస్తుంది. అక్కడ ఫంక్షన్ ఇండెక్స్‌లో ట్రిప్ ఐడీ కూడా క్యాన్సిల్ అయితే నల్ అయ్యేలా రాయాలి, రెండూ నల్ అయితేనే ఒరాకిల్ ఆ రికార్డుని ఇండెక్స్‌లో వదిలేస్తుంది. ఒరాకిల్‌లో ఇంకో విచిత్రం, యూనిక్ కన్‌స్ట్రెయింట్ యూనిక్ కాని ఇండెక్స్‌తో కూడా అమలవుతుంది. డిఫరబుల్ అయితే అలాగే అవుతుంది.

ఇప్పుడు లైవ్‌లో ఎలా వేయాలి. ముందు ఉన్న డూప్లికేట్లని తీయాలి. క్యాన్సిల్ కానివాటిని ట్రిప్, సీటు వారీగా గ్రూప్ చేసి, లెక్క ఒకటి దాటినవి చూడండి. వాటిని స్క్రిప్ట్‌తో సరిచేయకండి. జాబితా ట్రావెల్స్ వాళ్లకి ఇవ్వండి, ఎవరికి సీటు ఉంచాలో వాళ్లు తేల్చాలి. తర్వాత ఆల్టర్ టేబుల్‌తో నేరుగా యూనిక్ కన్‌స్ట్రెయింట్ వేస్తే ఇండెక్స్ కట్టేంత సేపు టేబుల్ మొత్తం లాక్ అవుతుంది, చదవడానికి కూడా వీల్లేదు. మామూలు క్రియేట్ యూనిక్ ఇండెక్స్ చదవనిస్తుంది, రాయనివ్వదు. కంకరెంట్లీ అని చేరిస్తే రెండూ నడుస్తాయి, కాకపోతే ఎక్కువ సేపు పడుతుంది. దాన్ని ట్రాన్సాక్షన్ లోపల నడపలేరు కాబట్టి జాంగో మైగ్రేషన్‌లో (టేబుల్ మార్పుల ఫైల్‌లో) అటామిక్ (అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో నడిపే సెట్టింగ్)ని ఫాల్స్ చేయాలి.

పీఎన్ఆర్‌కి కూడా ముందు ఇలాగే కంకరెంట్లీ ఇండెక్స్ కట్టి, ఆ తర్వాత ఆల్టర్ టేబుల్‌లో ‘యూనిక్ యూజింగ్ ఇండెక్స్’ అని ఇస్తే ఉన్న ఇండెక్సే కన్‌స్ట్రెయింట్‌గా మారిపోతుంది. లాక్ కొద్ది క్షణాలే. 9.1 నుంచి ఉంది ఈ సౌకర్యం. ఇండెక్స్ పేరు కన్‌స్ట్రెయింట్ పేరుగా మారుతుందని గుర్తుంచుకోండి. పార్షియల్, ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్‌లని ఇలా మార్చలేరు, సీటుది ఎప్పటికీ ఇండెక్స్‌గానే ఉంటుంది.

కంకరెంట్లీ మధ్యలో ఫెయిలైతే ఇన్‌వాలిడ్ అని గుర్తున్న ఇండెక్స్ మిగిలిపోతుంది. క్వెరీలకి పనికిరాదు కాబట్టి అది ఏమీ చేయదనుకుంటారు. అది తప్పు. టేబుల్‌ని రెండోసారి చదివేటప్పుడు ఫెయిలైన యూనిక్ ఇండెక్స్, ఇన్‌వాలిడ్‌గా ఉంటూనే కొత్త ఇన్సర్ట్‌లలో డూప్లికేట్లని ఆపుతూ ఉంటుంది. ముందు దాన్ని డ్రాప్ చేసి, డూప్లికేట్లు తీసి, మళ్లీ మొదలుపెట్టండి.

టేబుల్ పెద్దదై ప్రయాణం తేదీ వారీగా పార్టిషన్ చేయాలనుకుంటే (ముక్కలుగా విడదీయాలనుకుంటే) ఇప్పుడే ఆలోచించుకోండి. పార్టిషన్ చేసిన టేబుల్‌లో యూనిక్ ఏదైనా, కన్‌స్ట్రెయింట్ అయినా ఇండెక్స్ అయినా, పార్టిషన్ కీ కాలమ్ అందులో ఉండి తీరాలి. అంటే పీఎన్ఆర్ ఒక్కటే యూనిక్ అని చెప్పలేరు, తేదీతో కలిపి చెప్పాలి. మీ ట్రావెల్స్ సైజుకి పార్టిషన్ అవసరం లేదని నా అభిప్రాయం.

ఆఖరుగా కోడ్‌లో ఎర్రర్ పట్టుకోవడం. పోస్ట్‌గ్రెస్‌లో 23505 వచ్చాక ఆ ట్రాన్సాక్షన్ చెడిపోతుంది, అందులో తర్వాతి క్వెరీలేవీ నడవవు. కాబట్టి ఇన్సర్ట్‌ని లోపల ఇంకో అటామిక్ బ్లాక్‌లో పెట్టి, బయట ఇంటెగ్రిటీ ఎర్రర్‌ని పట్టుకోండి, లేదా ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ వాడి రికార్డు పడిందో లేదో చూడండి. ఎర్రర్ ఏ నియమానిదో పేరుని బట్టి తేల్చండి. పీఎన్ఆర్ డూప్లికేట్ అయితే కొత్త నంబరుతో మళ్లీ ప్రయత్నించాలి, సీటు డూప్లికేట్ అయితే ప్రయత్నించి లాభం లేదు, ‘ఈ సీటు ఇప్పుడే వేరొకరు తీసుకున్నారు’ అని చెప్పి మిగిలిన సీట్లు చూపించాలి. మీరు తర్వాత చేయబోతున్న అరకు లాడ్జి గదులకి మాత్రం ఇదంతా సరిపోదు. అక్కడ తేదీలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, దానికి ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ కావాలి, లేదా 18వ వెర్షన్ అయితే ‘వితవుట్ ఓవర్‌ల్యాప్స్’. టేబుల్ ఎలా ఉందో పెడితే అది ఎలా రాయాలో చూద్దాం.